జాడీలో పాలు

తుమ్మలకొట్టాలలో పాల గురించి ఏ తగువు వచ్చినా ఎల్లమ్మ నోటితోనే తెగేది. తోడు ఎందుకు పడలేదో, వెన్న ఎందుకు కట్టలేదో, కాచిన పాలలో మాడు వాసన ఎక్కడినుంచి వచ్చిందో అందరూ ఆమెనే అడిగేవాళ్ళు. ఆమె పాలు పోసే మట్టి దుత్తలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "మీ మేక నిన్న జిల్లేడు కొరికినాది. పొయ్యి తప్పేం లేదు" అని చెప్పేసేది. ఎవరూ ఎదురు మాట్లాడేవాళ్ళు కాదు. ఒకవేళ మాట్లాడినా వినిపించుకునే అలవాటు ఆమెకు లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలం అది. ముందటేడు వానలు మొహం చాటేశాయి. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా చేలు బోడితలల్లా ఉన్నాయి. చొప్ప వాములు అడుగంటాయి. ఉగాది వెళ్ళగానే గొల్లలు మందలను నల్లమలకు తోలుకుపోవడం ఎప్పుడూ ఉన్నదే. అయితే ఇంటికి ఒక పాడి గొడ్డునైనా పిల్లల కోసం ఊళ్ళో ఉంచి పోయేవాళ్ళు. ఆ ఏడు దానికీ మేత లేదు. ఎల్లమ్మ మొగుడు పెద్దయ్య, కొడుకు అంకన్న ఆవులనూ గొర్రెలనూ, ఆఖరికి ఈనిన మేకనూ తోలుకుని కొండకు పోయారు.

"ఊళ్ళో గడ్డి మొలిచినాకనే వస్తాం. మొలవకపోతే నన్ను తిట్టుకోవద్దు, మొయిళ్ళను తిట్టుకో" అని చెప్పి మరీ పోయాడు పెద్దయ్య.

ఊళ్ళో దుత్తలు ఎండిపోయాయి. ఎల్లమ్మ మనవడు మాలకొండయ్యకు రెండో ఏడు నడుస్తోంది. తల్లి వీరమ్మ మళ్ళీ నీళ్ళోసుకోవడంతో వాడికి చన్నుపాలు ఆగిపోయాయి. సంగటి ముద్ద పాలలో పిసికి పెడితే తినేవాడు గానీ, నీళ్ళలో పిసికి పెడితే ఉమ్మేసేవాడు. నెల తిరక్కుండానే వాడి బుగ్గలు లోపలికి పోయాయి, మోకాళ్ళు బయటికి వచ్చాయి. గొల్లల ఇళ్ళలో అలాంటి పిల్లలు గడపకొకరు ఉన్నారు. కాపుల ఇళ్ళలోనూ అంతే, పాలు పోసేది గొల్లలే గనుక.

అట్లాంటి రోజుల్లో గ్రామసేవిక రూతమ్మ గిద్దలూరు నుంచి ఎద్దులబండి మీద ఒక పెద్ద అట్టపీపా వేసుకుని వచ్చింది. బడి వసారాలో దింపించి, మూత తీసి, లోపలి కాగితం సంచి విప్పింది. తెల్లగా, పసుపు ఛాయతో, సున్నం కంటే మెత్తగా ఉంది పొడి. ఆడవాళ్ళందరూ చుట్టూ మూగారు.

"ఇవి పాలే. పాలల్లోని నీళ్ళన్నీ తీసేసి పొడి చేసినారు. దూరదేశం నుంచి పిల్లల కోసం పంపించినారు" అన్నది రూతమ్మ.

"పాలల్లో నీళ్ళు కలిపేటోళ్ళను చూసినా గానీ, తీసేటోళ్ళను ఇప్పుడే చూస్తాండా" అన్నది ఎల్లమ్మ.

అందరూ నవ్వారు. ఎల్లమ్మ నవ్వలేదు. చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. అందరూ ఆమె మొహం వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఆవుపాలు. దాని మేత మన గడ్డి కాదు. మీగడ తీసేసుకొని పంపినారు, గడుసోళ్ళు. పాలు మాత్రం నిజమైనవే" అని తీర్పు చెప్పింది.

రూతమ్మ ఆశ్చర్యపోయి, మీగడ తీసిన మాట నిజమేనని ఒప్పుకుంది. తరువాత అసలు సంగతి చెప్పింది. "చూడండమ్మా, వేరే ఊరికి ఇట్లనే ఒక పీపా ఇచ్చినాం. నెల తిరక్కుండానే గడ్డకట్టి కంపు కొట్టింది. గోతిలో పూడ్చిపెట్టినారు. మా ఆఫీసరు కరుణాకరంగారికి చాలా కోపం వచ్చింది. ఇది గూడా పాడైతే ఈ పక్క పల్లెలకు ఇంక పాలపొడి పంపేది లేదన్నారు. మందలు తిరిగొచ్చేదాకా పిల్లలకు ఇదే ఆధారం. ఎవరింట్లో పెడదాం?"

"మా ఇంట్లో పెట్టండి" అన్నది నాగరత్నమ్మ. ఆమె కాపుల ఇంటి కోడలు. మిద్దె ఇల్లు, వెనక పెద్ద కొట్టుగది. ఆమె చేతి ఆవకాయ మూడేళ్ళయినా రంగు మారదని చుట్టుపక్కల పేరు. "వస్తువు దాయడం మాకు అలవాటు. గుడిసెల్లో యాడ పెడతారు?"

ఆ చివరి మాట ఎల్లమ్మకు తగిలింది. "వదినా, నువ్వు దాచేది మిరపకాయలు, చింతపండు. ఇవి పాలు. పాల సంగతి గొల్లోళ్ళకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తాది? పుట్టినప్పటి నుంచి పాలల్లో చేతులు పెట్టుకొని బతికినా. మందలు వచ్చేదాకా ఇది చెడకుండా చూసే పూచీ నాది. చెడితే నన్నడగండి."

అంత మందిలో ఆ మాట అన్నాక పీపా ఎల్లమ్మ ఇంటికే చేరింది. "ఎండ తగలని చల్లటి చోట పెట్టు పెద్దమ్మా. మూత గట్టిగా వెయ్యి" అని రూతమ్మ రెండుసార్లు చెప్పింది. బండిలో కూర్చున్నాక మూడోసారీ చెప్పింది. నెల కాగానే వచ్చి చూస్తానన్నది.

కలపడం ఎల్లమ్మ మొదటిరోజే పట్టేసింది. కాచిన నీళ్ళు గోరువెచ్చగా అయ్యాక, ముందు కాసిన్ని నీళ్ళతో పొడిని ముద్ద చేసి, మిగతావి పోసి కవ్వంతో తిప్పితే ఉండలు లేకుండా నురగ కట్టింది. పిల్లలు వరసగా కూర్చుని తాగారు. మాలకొండయ్య సంగటి ముద్దంతా తిని గిన్నె నాకాడు. వీరమ్మ పక్కకు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఇక దాచడం. ఎల్లమ్మకు అందులో ఆలోచించాల్సింది ఏమీ కనిపించలేదు. పాలు ఉండాల్సింది దుత్తలో. అట్టపెట్టెలో పాలు పెట్టడమంటే కొత్త పెళ్ళికూతురిని గొడ్లకొట్టంలో కూర్చోబెట్టడమే. రోజూ తీసుకోవడానికి వీలుగా రెండు పెద్ద దుత్తల నిండా పొడి పోసింది. నీళ్ళ కడవలు ఉండే ఇసుక తిన్నె ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు. దాని మీద దుత్తలను కుదురుగా పెట్టింది. పాలకు గాలి ఆడాలి గనుక మూత వెయ్యకుండా పల్చటి గుడ్డ కప్పింది. ఎండాకాలంలో పాల కుండకు ఎట్లా చేస్తారో అట్లాగే ఆ గుడ్డను పొద్దునా సాయంత్రం తడిపి పిండి మళ్ళీ కప్పింది. పీపాను కూడా ఆ తిన్నె మీదికే జరిపింది.

వీరమ్మ ఇదంతా చూసింది. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. ఒక మధ్యాహ్నం పొడి తీస్తూ, "అత్తా, గరిటెకు అంటుకుంటాంది. మొన్న ఇట్ల అంటుకోలేదు" అన్నది.

"పాలన్నాక అంటుకోవా? జిడ్డుండేది ఏదైనా అంటుకుంటాది."

"మీగడ తీసినారంటివి గదా. జిడ్డు యాడిది?"

"నీకు నోరు ఎప్పుడొచ్చిందే?" అన్నది ఎల్లమ్మ. ఆ ప్రశ్న మాత్రం ఎల్లమ్మ చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది. ఆమె దాన్ని తోలేసి, గుడ్డ మళ్ళీ తడిపింది.

ఒక శుక్రవారం పొద్దున ఎల్లమ్మ దుత్తలో గరిటె పెడితే అది దిగలేదు. గుడ్డ తీసి చూసింది. పొడంతా ఒకే ముద్దయి కుండ గోడలకు కరుచుకుంది. అంచుల వెంబడి పసుపుపచ్చగా మారింది. రెండో దుత్త ఇంకా అన్యాయం, పైన సన్నటి బూజు. ఎల్లమ్మ గబగబా పీపా దగ్గరికి పోయింది. పైపొడి పొడిగానే ఉంది గానీ, పీపా కదిలించి చూస్తే ఇసుకకు తగిలిన అట్ట నాని మెత్తబడింది. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగున తడిమింది. చల్లగా ముద్ద తగిలింది.

అప్పుడే నిప్పు కోసం వచ్చిన పక్కింటి రాములమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. "అయ్యో, అయ్యో! ఇప్పుడెట్ల ఎల్లమ్మా? ఎలకలు తిన్నాయని చెప్పు. ఎలకలు తింటే ఎవరేం చేస్తారు?"

"పిల్లలు ఏం తాగాల? ఎలకల కత తాగుతారా?" అన్నది ఎల్లమ్మ.

రాములమ్మ వెళ్ళిపోయింది. ఎల్లమ్మ దుత్త ముందర కూలబడింది. ఊరందరి ముందు పూచీ పడిన మాట గుర్తొచ్చింది. అంతకంటే ముందు మాలకొండయ్య మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఇంకా పీపాలో సగానికి పైగా మంచి పొడి ఉంది. ఈ రోజో రేపో చెమ్మ పైదాకా పాకుతుంది.

ఆమెకు ఎన్నడూ గురి తప్పని పని ఒకటి ఉంది. ముద్దలోంచి గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వీరమ్మ గోడకు ఆనుకుని ఆమెనే చూస్తోంది.

చాలాసేపటికి ఎల్లమ్మ కళ్ళు తెరిచింది. "ఏమ్మే, పాలు చెడితే ఏమవుతాయి?"

"పులుస్తాయి."

"పులుస్తాయి, విరుగుతాయి. ఇది పులవలేదే. విరగలేదు. ఇది ముక్కిపోయింది, బూజెక్కింది. ఈ రుచి నేను ఎరుగుదును. ఎవరో తడి గరిటె పెట్టిన ఆవకాయ రుచి ఇది." లేచి నిలబడి కొంగు దోపుకుంది. "దీన్ని పాలని నేను మర్యాద చేసినా. మర్యాదే దీన్ని చంపినాది. పాలకు తడి సుఖం. దీనికి తడే రోగం. పీపాను తిన్నె మీద నుంచి దింపుదాం పట్టు. నువ్వు బరువెత్తొద్దు, ఊరికే పక్క నుంచి నెట్టు చాలు."

ఇద్దరూ పీపాను పొయ్యి పక్కన ఆరిన నేల మీదికి జరిపారు. ఎల్లమ్మ చెడిన దుత్తల్లో ఒకదాన్ని చంకన పెట్టుకుని బజారున పడింది. కప్పుకోలేదు, దాచుకోలేదు. దారిలో ఎదురైన వాళ్ళు తొంగి చూస్తే చూడనిచ్చింది.

నాగరత్నమ్మ కొట్టుగదిలో జాడీలు తుడుస్తోంది. ఆ ఏడు మామిడి పూత నిలవలేదు. నడుమెత్తు జాడీలు, మోకాలెత్తు జాడీలు, చేతిలో పట్టేవి, అన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. పెట్టేందుకు కాయ లేకపోయినా ఎండాకాలం వచ్చేసరికి ఆమె చెయ్యి ఊరుకోలేదు.

"ఏంది వదినా, దుత్త తీసుకొని వచ్చినావు? మాకు పాలు పోసేందుకా?" అన్నది నాగరత్నమ్మ.

ఎల్లమ్మ దుత్తను ఆమె ముందర పెట్టింది. నాగరత్నమ్మ వంగి చూసింది. వాసన చూసింది. మొహం చిట్లించుకుంది. ఆ తరువాత ఆమె మొహంలోకి నవ్వు రావడం ఎల్లమ్మ చూసింది, రానిచ్చింది.

"అంతమందిలో అంటివే, గొల్లోళ్ళకు తెలవకపోతే ఇంకెవరికి తెలుస్తాదని."

"ఇప్పుడూ అంటా. పాల సంగతి నాకే తెలుసు. నీకేం తెలవదు. అయితే ఇది పాలు కాదు వదినా, ఊరగాయ. నాలుక మీద వేసుకొని చూసినా. ఊరగాయ సంగతి నీకు తెలుసు. అందుకే వచ్చినా."

తనను తిట్టిందో పొగిడిందో పోల్చుకోలేక నాగరత్నమ్మ పకపకా నవ్వింది. "నువ్వు తప్పు ఒప్పుకొనేటప్పుడు గూడా జబర్దస్తీనే."

"తప్పు నాదే. ఊరంతా చెప్పుకో పో. కానీ ముందు జాడీలియ్యి. పీపాలో సగం పైన మంచిదే ఉంది. రేపటిదాకా నిలవదు."

నాగరత్నమ్మ నవ్వు ఆపి, కొట్టుగది కిటికీలోంచి ఎండ చూసింది. అప్పటినుంచి ఆమె వేరే మనిషయింది. "పెద్ద జాడీలు రెండు పడతాయి. రోజూ తీసుకొనేందుకు ఒక చిన్నది. కడిగినవే అయినా మళ్ళీ ఎండలో పెట్టాల, లోపల చెయ్యి పెడితే సుర్రుమనాల. పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు మీ ఇంటికొస్తా. అప్పటిదాకా ఎవరూ పీపా మూత తియ్యొద్దు."

చెప్పినట్టే నడిపొద్దుకు వచ్చింది, జాడీలను ఇద్దరు పాలేళ్ళ చేత మోయించుకుని. గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే ఎల్లమ్మ తల చూసి ఆగిపోయింది. ఇంటికొచ్చాక శుక్రవారమని ఎల్లమ్మ తలంటుకుంది. జుట్టు ఇంకా ఆరలేదు.

"తల తడిగా ఉంది. బైటికి పో."

"ఇది నా ఇల్లే!"

"ఇల్లు నీదే. ఊరగాయ నాది. నువ్వే గదా అంటివి? ఆవకాయ కలిపేచోటికి మా అత్తనే నేను తడి తలతో రానియ్యలేదు. పో, ఎండలో కూర్చొని ఆరబెట్టుకో."

ఎల్లమ్మ తన ఇంటి ముందర తానే అరుగు మీద కూర్చోవాల్సి వచ్చింది. లోపల నాగరత్నమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "వీరమ్మా, చేతులు పొయ్యి సెగకు చూపించు. గాజులు తుడిచినావా? గాజుల కింద తడి నిలుస్తాది. ఆ గరిటె వద్దు, కట్టె తెడ్డు ఇయ్యి. తెడ్డు గూడా సెగకు పెట్టు." వీరమ్మ "సరే అత్తా, సరే అత్తా" అంటోంది. ఆ గొంతులో హుషారు ఎల్లమ్మకు వింతగా తోచింది. దారిన పోతున్న రాములమ్మ ఆగి, "ఏంది, నిన్ను బైట కూర్చోబెట్టినారు?" అని అడిగింది.

"తల ఆరబెట్టుకుంటాండా. కనపడలేదా?" అన్నది ఎల్లమ్మ.

మంచి పొడి రెండు పెద్ద జాడీల్లోకి చేరింది. నాగరత్నమ్మ దాన్ని తెడ్డు వెనకతో అదిమి అదిమి పోయించింది, మధ్యలో గాలి నిలవకూడదని. పైన ఎండలో పెట్టిన మందపు గుడ్డ, దాని మీద మూత, మూత చుట్టూ మళ్ళీ గుడ్డ కట్టి పురికొసతో బిగించింది. పీపా అడుగున మిగిలిన ముద్దను ఎల్లమ్మ తన చేతులతోనే తీసుకుపోయి దిబ్బలో పూడ్చింది. తీసుకుపోయేటప్పుడు ఎవరి సాయమూ అడగలేదు.

జాడీలు ఎవరింట్లో ఉండాలన్న దగ్గర మళ్ళీ కాస్త పేచీ వచ్చింది. చివరికి పెద్దవి నాగరత్నమ్మ కొట్టుగదిలో, చిన్నది ఎల్లమ్మ ఇంట్లో అని తేలింది. వారానికొకసారి, ఎర్రటి ఎండ ఉన్నప్పుడు పెద్ద జాడీ విప్పి చిన్నదాన్ని నింపుకోవాలి. మిగతా రోజులు పెద్ద జాడీ మొహం చూడకూడదు. "ఊరగాయ చెడేది పెట్టేటప్పుడు కాదు వదినా. మాటిమాటికీ మూత తీసేటప్పుడు. ఇంకొక్క మాట. మబ్బు పట్టిన రోజు మా ఇంటికి రావొద్దు. దేవుడు దిగొచ్చి అడిగినా తియ్యను" అన్నది నాగరత్నమ్మ.

నెల కాగానే రూతమ్మ వచ్చింది. ఎల్లమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, మజ్జిగ లేనందుకు బెల్లం నీళ్ళిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. రెండు దుత్తలు, పీపా అడుగు తన చేతి మీదనే చెడ్డాయనీ, మిగతాది జాడీల్లో ఉందనీ చెప్పింది. రూతమ్మ మొహం మొదట పాలిపోయింది. నాగరత్నమ్మ కొట్టుగదిలో జాడీ విప్పి చూపించాక రంగు తిరిగొచ్చింది. తెడ్డు పెడితే పొడి ఇసుకలా జారింది.

"చెడింది చెప్పకుండా ఉంటే నాకు తెలిసేది కాదు గదా పెద్దమ్మా" అన్నది.

"చెప్పకపోతే ఇంకో ఊర్లో ఇంకో ఎల్లమ్మ గుడ్డ తడిపి కప్పుతాది. పోయి చెప్పు. ఊరగాయ మాదిరి చూసుకొమ్మని చెప్పు. ఆ మాటైతే మన ఆడోళ్ళకు అర్థమవుతాది."

వానాకాలం మొదట్లోనే ఇంకో పీపా పంపించేట్టు కరుణాకరంగారితో మాట్లాడతానని చెప్పి రూతమ్మ వెళ్ళింది.

మృగశిర కార్తె ఉత్తదే పోయింది. ఆరుద్రలో దుమ్ము లేచింది తప్ప చినుకు పడలేదు. కొండ మీంచి మందలు దిగలేదు. పొద్దున్నే అరుగు మీద పిల్లల వరస, ఎల్లమ్మ కవ్వం చప్పుడు ఊరికి అలవాటయ్యాయి. ఎల్లమ్మ ఆ పాలకు తోడు కూడా వేసి చూసింది. గట్టిగా తోడుకుంది గానీ మీగడ కట్టలేదు. "బోడి పెరుగు" అని పేరు పెట్టి, పిల్లలకు సజ్జన్నంలో కలిపి పెట్టింది. మాలకొండయ్య మోకాళ్ళు లోపలికి పోవడం మొదలుపెట్టాయి. వాడు పరుగెత్తడం నేర్చుకున్నాడు. వీరమ్మ వాడి వెనక పడలేక గడపలో కూర్చుని కేకలు వేసేది.

పుష్యమిలో పట్టింది ముసురు. ఒకసారి పట్టాక విడవలేదు. చేలు నానాయి, గోడలు నానాయి, పొయ్యిలో కట్టెలు నానాయి. వాగు పొంగి గిద్దలూరు బండిదారి మునిగిపోయింది. రూతమ్మ చెప్పిన పీపా ఇంకా రాలేదు, ఇప్పుడు బయలుదేరినా వాగు అవతలే ఆగుతుంది. ఊళ్ళో గడ్డి పచ్చగా మొలుస్తోంది గానీ, మందలు దిగి రావడానికి వాగు తగ్గాలి.

చిన్న జాడీలో తెడ్డు అడుగుకు తగిలింది. ఎల్లమ్మ గోనెసంచి తలమీద వేసుకుని నాగరత్నమ్మ ఇంటికి పోయింది. వసారాలోనే సంచి తీసి దులిపి, తల, చేతులు పొడిగుడ్డతో తుడుచుకుని మరీ లోపలికి అడుగుపెట్టింది.

"తియ్యను. మబ్బు రోజు తియ్యనని ముందే చెప్పినా" అన్నది నాగరత్నమ్మ.

"మబ్బు ఈ రోజు పోయేట్టు లేదు, రేపు పోయేట్టు లేదు. పిల్లలు రేపు పొద్దున ఏం తాగాల?"

"ఒక్కసారి మూత తీస్తే ఈ చెమ్మంతా లోపలికి పోతాది. మిగిలిన ఒక్క జాడీ గూడా పోతాది. అప్పుడు రేపు కాదు, ఎల్లుండి ఏం తాగుతారు? నీ మనవడు ఒక్కడే కాదు, మా ఇంట్లో గూడా ఉన్నారు తాగేటోళ్ళు. నేను కడుపు మండి చెప్తాండా అనుకున్నావా?" ఆమె ఒక వడియం తెచ్చి ఎల్లమ్మ చేతిలో పెట్టింది. "నిన్న కొట్టుగదిలో పెట్టినా. విరిచి చూడు."

ఎల్లమ్మ విరిచింది. విరగలేదు, తోలులా వంగింది.

వసారా చూరు నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఎల్లమ్మ కొట్టుగదిలోకి తొంగి చూసింది. చిన్న గది, ఒకే కిటికీ, మందపు గోడలు.

"ఈ వడియం విరిగితే తీస్తావా?"

"విరిగితే తీస్తా. ఎట్ల విరుగుతాది?"

"దాలి వేస్తా."

దాలి అంటే పాలు కాగే పిడకల నిప్పు. మంట లేకుండా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒకే సెగ మీద కుండను ఎర్రగా కాచే నిప్పు. నాగరత్నమ్మ అడ్డంగా తల ఊపింది. "పొగ. పొడికి పొగ పట్టుకుంటే పిల్లలు నోట్లో పెట్టరు. అదీగాక ఈ ముసురులో పిడకలు యాడివి? అన్నీ నానిపోయింటాయి."

"నా అటక మీద ఉన్నాయి. పొయ్యి మీది అటక, చెమ్మ తగలదు. పొగ సంగతంటావా? నలభై ఏండ్లు పాలు కాచినా వదినా. నా పాలల్లో పొగ వాసన వచ్చిందని ఎవరన్నా అన్నారేమో ఊరంతా తిరిగి కనుక్కో. జాడీ మూత దగ్గర నీ మాట విన్నా. నిప్పు దగ్గర నా మాట విను."

నాగరత్నమ్మ ఆమె మొహంలోకి చూసింది. "సరే, తీసుకురా" అన్నది.

ఎల్లమ్మ తన ఇంటి దగ్గరే పిడకలు అంటించింది. పొగంతా పోయి, నల్లటివి ఎర్రబడి, పైన బూడిద తెల్లగా కప్పేదాకా కదపలేదు. వీరమ్మ రెండు మట్టి మూకుళ్ళు తెచ్చింది. నిప్పుల మీద మూకుడు మూసుకుని, దాని మీద గొంగడి పట్టుకుని, ఎల్లమ్మ వానలో నడిచింది. దారిలో ఒక్క చినుకూ నిప్పు మీద పడనివ్వలేదు. కొట్టుగదిలో జాడీలకు దూరంగా, గది రెండు మూలలా నిప్పులు పెట్టి, తలుపు దగ్గరగా వేసింది. కిటికీ పైభాగం మాత్రం వేలెడంత తెరిచి ఉంచింది.

"అది ఎందుకు?" అన్నది నాగరత్నమ్మ.

"గోడల్లో చెమ్మ వెచ్చబడి పైకి లేస్తాది. దానికి దారి వద్దా?"

బయట వసారాలో ఇద్దరూ కూర్చున్నారు. నాగరత్నమ్మ వక్కాకు ఇచ్చింది. ఎల్లమ్మ నమిలింది. మధ్యమధ్యలో తలుపు కాస్త తీసి, తల లోపల పెట్టి ముక్కుతో గాలి పీల్చి, మళ్ళీ మూసింది. పొగ లేదు. ఒకసారి లోపలికి పోయి ఒక మూలనున్న నిప్పును బూడిదతో కొంచెం కప్పి వచ్చింది. "ఎక్కువైతే జాడీ చెమట పడతాది" అన్నది.

నాగరత్నమ్మ అది విని, "మా అత్త గూడా చెప్పేది, జాడీ చెమట పడితే ఊరగాయ పోయినట్టేనని. నీకెట్ల తెలిసె?" అని అడిగింది.

"తెలవదు. పాల కుండ అట్ల చేస్తాది. అదే అనుకున్నా."

పొద్దు వాలే వేళకు నాగరత్నమ్మ లోపలికి పోయి, గోడకు అరచెయ్యి ఆనించింది. తరువాత గూట్లో పెట్టిన వడియాన్ని తీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. ఎల్లమ్మ గడపలో నిలబడి చూస్తోంది. వడియం పటుక్కున విరిగింది. నాగరత్నమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండోది ఎల్లమ్మకు ఇచ్చింది.

"చేతులు సెగకు చూపించు. గాజుల కింద గూడా" అన్నది.

"చూపించినా."

"తల?"

"ఆరింది. కావాలంటే ముట్టుకొని చూడు."

నాగరత్నమ్మ నిజంగానే ముట్టుకుని చూసింది. ఆ తరువాత పురికొస విప్పింది. గుడ్డ తీసింది, మూత పక్కన పెట్టింది, లోపలి మందపు గుడ్డ చివర పట్టుకుని మెల్లగా ఎత్తింది. ఎల్లమ్మ తెడ్డును సెగ మీద ఒకసారి ఆడించి జాడీలోకి దించింది. అది ఎక్కడా ఆగకుండా దిగింది. పైకి లేపితే పొడి తెడ్డు అంచు నుంచి సన్నగా రాలింది. చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఎట్లుంది?" అన్నది నాగరత్నమ్మ. ఆమె గొంతు ఎన్నడూ లేనంత చిన్నగా ఉంది.

"మొదటిరోజు ఎట్లుందో అట్లనే ఉంది. పొగ వాసన లేదు, ముక్క వాసన లేదు. పెట్టు చిన్న జాడీ. నిండా పోస్తా. ఈ ముసురు వారమైనా గానీ, ఇంకో వారమైనా గానీ."

చిన్న జాడీ నిండింది. పెద్దదానికి మళ్ళీ గుడ్డ, మూత, పురికొస పడ్డాయి. ఎల్లమ్మ చిన్న జాడీని గొంగడిలో చుట్టి పొట్టకు ఆనించి పట్టుకుంది.

"రేపటిదాకా ఎందుకు? మా పొయ్యి మీద నీళ్ళు కాగుతాండాయి. కవ్వం నా దగ్గర గూడా ఉంది. ఇక్కడే కలుపు. పిల్లోళ్ళను పిలిపిస్తా" అన్నది నాగరత్నమ్మ.

"నీ కవ్వం చిన్నది. నురగ రాదు."

"వచ్చినంత వస్తాది లే, గొల్లదానా! నురగ లేకుంటే మీ మనవడు తాగడా ఏంది?"

ఎల్లమ్మ జాడీని వంటింట్లో ఆరిన పీట మీద దింపి, వసారా చివరికి వచ్చి నిలబడింది. వానకు అవతల గొల్లల ఇళ్ళు మసకమసకగా కనిపిస్తున్నాయి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కొండ మీద మందను పిలిచే కేక ఒకటి పెట్టింది. ఒక తలుపు తెరుచుకుంది, తరువాత ఇంకొకటి. గిన్నెలు నెత్తిన బోర్లించుకుని పిల్లలు బురదలో పరుగెత్తుకుంటూ వస్తున్నారు. అందరికంటే ముందు మాలకొండయ్య, వాడి వెనక కడుపు పట్టుకుని, నవ్వుతూ, మెల్లగా నడుస్తూ వీరమ్మ.